మంచులో తేలిన టోపీ

ఆ ఉదయం పాలమనిషి తిట్టకుండా లోపలికి వచ్చింది.

దిబోర్ చేతిలో రోకలి గాల్లోనే ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా ఆ వాకిట్లో తెల్లవారేది పాలమనిషి తిట్టుతోనే.

"ఏమే నా దాసీ, ఇంకా దంచుతూనే ఉన్నావా? మీ సెరేర్లందరూ ఇంతే. తిండి కోసం పుడతారు, తింటూనే పోతారు" అని ఆమె అనాలి. "రావే ఆవుదొంగా, మీ ఫులావాళ్ళు పాలలో కలిపీ కలిపీ మా బావి ఎండిపోయింది" అని దిబోర్ అందుకోవాలి. అది తాతల నాటి మేలపు చుట్టరికం. చేలు దున్నే సెరేర్లూ పశువులు కాచే ఫులావాళ్ళూ ఒకరినొకరు ఎంత మాటన్నా కోపం తెచ్చుకోకూడదు. ఒకరి నెత్తురు ఒకరు కళ్ళజూడకూడదు.

మొన్న కళ్ళజూశారు.

పాలమనిషి నెత్తిమీది సొరబుర్ర దించి, మూత తియ్యకుండానే నిలబడింది. వాగు మీది నుంచి వచ్చిన మంచు ఇంకా వాకిట్లోనే ఉంది. అందులో ఆమె సగమే ఉన్నట్టు కనిపించింది.

"పాలు వద్దు" అంది తెనింగ్, గుడిసె గుమ్మంలోంచి. దిబోర్ అత్తగారు ఆమె. లోపల ఆమె మొగుడు జెగాన్ తలకి కట్టుతో పడి ఉన్నాడు. ఊపిరి ఆడుతోంది. మాట లేదు.

"డబ్బు కోసం తేలేదు తల్లీ. పెద్దాయన పెదాలు తడుపుతారని."

"మీ చేతి పాలు ఆయన గొంతు దిగవు. కర్ర పట్టిన చేతులూ పాలు పితికిన చేతులూ ఒకటే. మీరందరూ ఒకటే!"

పాలమనిషి సొరబుర్రని గుమ్మం దగ్గర పెట్టింది.

"ఈ మాట నువ్వు వెయ్యిసార్లు అని ఉంటావు తల్లీ. నవ్వుతూ అనేదానివి. ఇవాళా మాట అదే. నవ్వొకటే తీసేశావు."

తెనింగ్ మొహం తిప్పుకుంది. దిబోర్ రోకలి వేసింది. రోట్లో సజ్జలు లేవని పోటు పడ్డాక గాని తెలియలేదు.

మొన్నటి నుంచి ఆమెకి నిద్ర లేదు. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే తెలుపు. ఆ తెల్లవారుజామున ఆమె మామగారికి గంజి తీసుకుని చేనికి వెళ్ళింది. పిట్టలు తోలడానికి ఆయన చీకటితోనే వెళ్ళేవాడు. సజ్జ కంకులు మంచులో తడిసి వంగి ఉన్నాయి. ఎక్కడో ఒక కేక. తర్వాత మనిషి పడిన చప్పుడు. గట్టు మీద ఊళ్ళో సగం మంది వేసుకునే నీలం అంగీ, దాని మీద పశులకాపర్లు పెట్టుకునే తోలు అంచుతో కోసుగా ఉండే టోపీ. కాళ్ళు లేవు, మొహం లేదు. టోపీ తేలుతూ తేలుతూ తెలుపులో కలిసిపోయింది. పది బారల దూరంలో జెగాన్ మామ, నుదురు చిట్లి.

ఆ సాయంత్రం ఫులావాళ్ళ మంద దగ్గర మగవాళ్ళని వరసగా నిలబెట్టి "ఎవరు?" అన్నారు పెద్దలు. అందరిదీ అదే టోపీ, అదే సన్నటి ఒళ్ళు. మధ్యలో ఒకడు నేల చూపులు చూస్తున్నాడు. దిబోర్ వేలు అటు వెళ్ళింది.

"నేనా?" అన్నాడు వాడు. అంతే. యేరో వాడి పేరని తర్వాత ఎవరో చెప్పారు.

ఇప్పుడు యేరో ఊరిపెద్ద ధాన్యపుకొట్టులో ఉన్నాడు. మధ్యాహ్నం ఫాతిక్ పట్నం నుంచి పోలీసు జీపు వస్తుంది. దిబోర్ అన్నమాటే మళ్ళీ అంటే యేరో ఆ జీపెక్కుతాడు. జెగాన్ మామ చేను మధ్యలోంచి వాగుకి పోయే పశువుల బాటకి ముళ్ళకంచె పడుతుంది. నీళ్ళందక మంద ఈ వేసవి దాటదు.

ఒకరి మాట మీద ఇదంతా. ఆ ఒకరు తనే.

అడుగుల చప్పుడయింది. దిబోర్ తలెత్తలేదు. ఆ ఇంట్లో ఎవరి నడకైనా ఆమెకి చెవులతోనే తెలుసు. అత్తగారు చెప్పులీడుస్తుంది. మామగారికి కర్ర ముందు, కాళ్ళు తర్వాత. ఇది ఒకటి బరువు, ఒకటి తేలిక. మరిది లతీర్. చిన్నప్పుడు తాటిచెట్టు మీంచి పడ్డాడు. కొత్తకోడలుగా వచ్చిన దిబోర్ ఆ కాలికి చాన్నాళ్ళు నూనె మర్దనా చేసింది. కాలు వచ్చింది గాని కుంటు పూర్తిగా పోలేదు. ఊళ్ళో వాళ్ళు గమనించరు. దిబోర్‌కి మాత్రం మట్టి మీద వినిపిస్తుంది.

"ఆవుదొంగ పొద్దున్నే దిగిందే!" అన్నాడు లతీర్. ఎవరూ నవ్వలేదు. వాడు వచ్చి వదిన పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"వదినా, తిన్నావా?"

"ఊఁ."

"అబద్ధం. నువ్వు తినకపోతే నీ కింది పెదవి ఎండుతుంది. చూడు." నడుముకి కట్టుకున్న మూటలోంచి వేయించిన వేరుశెనగలు తీసి ఆమె ఒళ్ళో పోశాడు. "మధ్యాహ్నం భయపడకు. అన్న ఉప్పుపడవ మీద పోయాడు, కబురందేసరికి వారం. ఇంట్లో మగాణ్ణి నేనున్నాను. టోపీ చూశావా లేదా?"

"చూశాను."

"నీలం అంగీ?"

"చూశాను."

"మరింకేం? అదే చెప్పు. పొడుగ్గా చెప్పొద్దు. ఆ బాటకి కంచె పడిందంటే వచ్చే ఏడు అక్కడ వేరుశెనగే. నాన్న తేరుకుని చూసి ఏమంటాడో!"

"బాట మూస్తే మామయ్య ఊరుకుంటాడా? దానికోసమే కదా మీరిద్దరూ పండక్కి అంత పోట్లాడుకున్నారు!"

లతీర్ ఒక శెనగకాయ ఒలిచాడు. గింజ నోట్లో వేసుకోలేదు.

"అప్పటి మాట వేరు" అని లేచిపోయాడు. ఒకటి బరువు, ఒకటి తేలిక. మంచులో ఆ చప్పుడు చాలాసేపు వినిపించింది.

పాలమనిషి ఇంకా అక్కడే ఉంది.

"నా దాసీ" అంది నెమ్మదిగా. "ఒక్కటి అడుగుతాను. నా పేరేమిటి?"

దిబోర్ నోరు తెరిచింది. దాసీ, ఆవుదొంగా, నీళ్ళపాలదానా, ఎముకలదానా. ఇన్ని పిలుపులున్నాయి. పేరు?

"దాదో" అంది. ఎప్పుడో ఎవరో పిలవగా విన్నది.

"దాదో అటుమొన్న వచ్చింది. నేను సీరాని."

"అటుమొన్న వచ్చింది నువ్వే కదా!"

సీరా కంచె వైపు తిరిగి ఒక కూత కూసింది. మంచులోంచి ఇంకొక సొరబుర్ర వచ్చింది, దాని కింద ఇంకొక మనిషి. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. అదే పొడవు, అదే పచ్చబొట్టు పెదాలు, జడల్లో అవే వెండి బిళ్ళలు. కాని ఒకామె గడ్డం మీద గాటు ఉంది. రెండో ఆమెకి ముందు పళ్ళ మధ్య సందు ఉంది. ఒకామె కళ్ళు నిలకడగా ఉంటాయి. రెండో ఆమె కళ్ళు వాకిలంతా తిరుగుతున్నాయి.

దిబోర్ రోకలి రోటికి ఆనించి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. కలలో సొంత ఇంట్లో కొత్త గది కనిపించినట్టుంది.

ఒక రోజు తిట్టు ముందొచ్చి నవ్వు తర్వాత వచ్చేది. ఒక రోజు నవ్వే ముందొచ్చేది. మనిషన్నాక మనసు మారుతూ ఉంటుంది అనుకుంది తను ఇన్నేళ్ళూ. మారింది మనసు కాదు, మనిషి.

"ముందు నవ్వేది నేను" అంది దాదో. ఇవాళ ఆమె నవ్వలేదు. యేరో ఆమె తమ్ముడు.

"తల దించుకోకే" అంది సీరా. "మేమేం తక్కువ తిన్లేదు. మీ పక్కింటి కోడలు కాన్పుకి పోతే ఆమె చెల్లెలు వచ్చి ఉంది చూడు, ఆ వానాకాలమంతా నేను ఆ పిల్లని 'ఏమే, బిడ్డని ఎక్కడ పారేశావు, పొట్ట తగ్గింది' అని అడుగుతూనే ఉన్నాను. మాకూ మీరందరూ ఒకటే రోకలి, ఒకటే తలగుడ్డ."

"ఆ పిల్లకి పెళ్ళే కాలేదే!"

"అందుకే రోజూ చీపురు పట్టుకుని వచ్చేది. సెరేర్లకి పాలమ్మే వాళ్ళంటే పడదు కాబోలు అనుకున్నాను!"

దిబోర్ నవ్వింది. మొన్నటి తర్వాత అదే మొదటి నవ్వు. అది సగంలో విరిగి ఏడుపైంది.

"మరి ఆ వరసలో నేనెవణ్ణి చూపించాను సీరా?"

"ఎవణ్ణీ చూపించలేదు. టోపీని చూపించావు. దాని కింద మా యేరో ఉన్నాడు."

సీరా వాకిటి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. మేలపు వరసవాళ్ళు అలా గుమ్మంలో కూర్చుని అడిగితే కాదనకూడదు. కాదంటే ఆ ఇంట్లో పొయ్యి ఆరిపోతుందంటారు.

"నిన్ను అబద్ధం చెప్పమనను" అంది. "మంచు విడవక ముందు ఒక్కసారి చేనిదాకా రా. ఏం చూశావో మళ్ళీ చూడు. అది వాడే అనిపిస్తే వాడే అను. నేనే జీపెక్కిస్తాను."

"వెళ్ళొద్దు" అంది తెనింగ్ వెనకనుంచి.

అత్తగారి మాట దాటి దిబోర్ గుమ్మం దాటడం అదే మొదలు.

చేను గట్టు మీద తెలుపు నడుం లోతున ఉంది. సజ్జ కంకులు అందులోంచి తలలు మాత్రం పైకెత్తి చూస్తున్నాయి. ఎక్కడో గిత్త మెడలో గంట. మంద వాగుకి పోతోంది. కొమ్ములు తేలుతూ వచ్చాయి, వాటి వెనక టోపీలు.

ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. అన్నీ ఒకటే టోపీ.

"చూస్తూ ఉండు" అంది సీరా.

దిబోర్ చూసింది. మొదట ఏమీ లేదు. తర్వాత, చీకటి గదిలో కళ్ళు అలవాటు పడ్డట్టు, ఒక్కొక్కటే విడివడింది. ఒక టోపీ నీళ్ళ మీద పడవలా కదలకుండా జారిపోతోంది. ఇంకొకటి కర్రని రెండు భుజాల మీద అడ్డంగా వేసుకుని గద్దలా చేతులు చాపింది. ఇంకొకటి రెండు అంగలకోసారి వెనక్కి తిరిగి ఒక దూడని పేరు పెట్టి తిడుతోంది.

"ఆ దూడకి పేరుందా?"

"ప్రతిదానికీ ఉంది. మీరు సజ్జ రకాలు కంకి చూసి చెప్పరూ!"

"యేరో ఎలా నడుస్తాడు?"

"కొంగలా" అంది దాదో. వాళ్ళ వెనకే చేనిదాకా వచ్చింది ఆమె. "మోకాళ్ళు ఎత్తి ఎత్తి. చిన్నప్పటి నుంచీ. వాడు వస్తుంటే దూరం నుంచే మాకు నవ్వొచ్చేది."

దిబోర్ కళ్ళు మూసుకుంది. మొన్నటి తెల్లవారుజాము అక్కడే ఉంది, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో. కేక. చప్పుడు. గట్టు మీద నీలం అంగీ, టోపీ. అది కొంగలా పైకి లేవలేదు. పడవలా జారలేదు.

టోపీ ఒక వైపుకి ఒరిగింది. లేచింది. మళ్ళీ అదే వైపుకి ఒరిగింది.

ఒకటి బరువు, ఒకటి తేలిక.

ఆమె కళ్ళు తెరిచింది. మంచు అంతే ఉంది. మంద దాటిపోయింది.

"ఏమైంది?" అంది సీరా.

"సీరా... మీ టోపీ మా ఇళ్ళల్లో ఎవరి దగ్గరైనా ఉంటుందా?"

సీరా ఆలోచించింది. "ఉంటే ఏం? వరస కదా, లాక్కుంటారు. పోయినేడు కుస్తీల దగ్గర మీ మరిది మా ఆయన టోపీ లాక్కుని నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరిగాడు కాదూ! అందరం నవ్వి చచ్చాం. తిరిగి అడగలేదు. మేలమాడే వాణ్ణి అడిగితే పరువు తక్కువ."

చెప్తూ చెప్తూ ఆమె ఆగిపోయింది. సీరా, దిబోర్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈసారి దిబోర్‌కి ఆ మొహం పూర్తిగా కనిపించింది, గడ్డం మీది గాటుతో సహా.

ఆమె ఇంటికొచ్చేసరికి తెనింగ్ మొగుడి పక్కన కూర్చుని పాలు పడుతోంది. వద్దన్న పాలే. చెంచా చెంచాగా.

దిబోర్ తలుపు దగ్గరగా వేసింది.

"అత్తా. మొన్న తెల్లవారుజామున మీరు లేచే ఉన్నారు."

చెంచా ఆగింది.

"వాడు వెనక దారిన వచ్చి ఉంటాడు. మీకు వినిపించి ఉంటుంది. వాడి నడక నాకంటే ముందు మీకు తెలుసు."

తెనింగ్ చెంచాని గిన్నెలో పెట్టింది.

"మెల్లిగా మాట్లాడు" అంది. అంతే అంది. కాదనలేదు. కాదంటుందేమో అనే ఆశ దిబోర్‌కి అప్పటిదాకా ఉంది.

"తెలిసీ వాళ్ళందర్నీ తిట్టారా!"

"తిట్టక? బాట మూయించాలని వాడు ఆ టోపీ పెట్టుకుని భయపెట్టబోయాడు. ముసలాయన వెనక్కి తిరిగాడు. కర్ర తగిలింది. కావాలని కొట్టలేదే! చంపాలనుకుంటే వాడు ఈ రెండ్రోజులూ ఈ గుమ్మం బయట కూర్చుని ఏడుస్తాడా? నువ్వు చూడలేదు. నేను చూశాను."

"యేరో కూడా ఏడుస్తున్నాడత్తా. కొట్టులో."

"వాళ్ళ సంగతి నాకెందుకు! వాళ్ళలో ఒకడు పోతే పదిమంది ఉన్నారు. రేపు ఆ టోపీలన్నీ మళ్ళీ వస్తాయి, ఏది తగ్గిందో నీకు తెలుస్తుందా? నాకు ఇద్దరే కొడుకులు. ఒకణ్ణి నీకిచ్చాను. వీడొక్కడు."

"యేరో కూడా వాళ్ళమ్మకి ఒక్కడేనేమో. అడిగామా?"

తెనింగ్ కోడలి మణికట్టు పట్టుకుంది. ఆ ముసలి వేళ్ళల్లో అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో.

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది దిబోర్. ఆ కాలికి నూనె రాసింది నువ్వు. నువ్వే దాన్ని విరగ్గొడతావా?"

జెగాన్ పెదాల మీంచి పాలచుక్క ఒకటి జారి చెవి వైపు పోయింది. ఇద్దరి చేతులూ ఒకేసారి తుడవబోయాయి.

దూరంగా జీపు మోత వినిపించింది.

ఊరిపెద్ద వాకిట్లో సెరేర్లు ఒకవైపు, ఫులావాళ్ళు ఒకవైపు కూర్చున్నారు. మామూలుగా అయితే ఈ పాటికి తిట్లతో వాకిలి ఎగిరిపోవాలి. ఇవాళ ఈగల చప్పుడు వినిపిస్తోంది. మంచు విడిపోయింది గాని ఎండకి పదును లేదు. అందరి మొహాలూ నీళ్ళ అడుగున ఉన్నట్టున్నాయి.

యేరోని తెచ్చి నిలబెట్టారు. టోపీ చేతిలో పట్టుకున్నాడు. దిబోర్ వాణ్ణి మొదటిసారి చూసింది. పెద్ద చెవులు, పళ్ళతో కొరికిన గోళ్ళు. ఈ మనిషిని తను ఇంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. వేలెత్తి చూపించిన రోజు కూడా.

ఊరిపెద్ద గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా దిబోర్. పోలీసులు నీ నోటితోనే వినాలంటున్నారు. మంచులో నువ్వు చూసింది ఎవర్ని?"

లతీర్ సెరేర్ల ముందు వరసలో, తల్లి పక్కనే ఉన్నాడు. వదిన వైపు చూసి కళ్ళతోనే ధైర్యం చెప్పాడు. చిన్నప్పుడు కాలు నొక్కించుకుంటూ "నొప్పిలేదులే వదినా" అని చెప్పేవాడు. అవే కళ్ళు.

దిబోర్ బట్ట ముడిలో పొద్దుటి శెనగకాయలు ఇంకా నాలుగు ఉన్నాయి. వాటిని పిడికిట్లో బిగించింది.

"నేను మొహం చూడలేదు" అంది. "టోపీ చూశాను. నడక చూశాను. నడక చూసిన సంగతి ఇవాళ గాని నాకు గుర్తు రాలేదు."

ఫులావాళ్ళ వైపు గాలి మారినట్టయింది. పోలీసాయన పక్కవాణ్ణి ఏదో అడిగాడు.

"నడకేంటమ్మా?" అన్నాడు ఊరిపెద్ద.

"చెప్తే చాలదు. చూడాలి." ఆమె గొంతు ఆమెకే ఎక్కణ్ణుంచో వస్తున్నట్టు వినిపించింది. "ఆ టోపీ ఒక్కొక్కరూ పెట్టుకుని ఇక్కణ్ణుంచి ఆ కంచెదాకా నడవమనండి. యేరో ఒక్కడే కాదు. వాళ్ళ కుర్రాళ్ళందరూ. మన కుర్రాళ్ళందరూ."

"మనవాళ్ళెందుకు?" అన్నారెవరో. ఇంకెవరో నవ్వారు. "మనవాళ్ళు ఆ టోపీ పెట్టుకుంటే పశువులే నవ్వుతాయి!" రెండు వైపులా నవ్వు లేచింది. మొన్నటి తర్వాత మొదటి మేలం అది. ఫులావాళ్ళ ముసలాయన ఒకడు, "పెట్టుకోండర్రా, ఒక్కరోజైనా మనుషుల్లా కనపడతారు!" అన్నాడు.

ఆ నవ్వులో యేరో మొదట నడిచాడు. మోకాళ్ళు ఎత్తి ఎత్తి, కొంగలా. దాదో నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంది. టోపీ చేతులు మారింది. ఫులా కుర్రాళ్ళు నడిచారు. సెరేర్ కుర్రాళ్ళు నడిచారు, వంకరగా, వెక్కిరిస్తూ. ఒక్కొక్కరికీ చప్పట్లు. పోలీసాయన కూడా నవ్వుతున్నాడు. ముగ్గురు మాత్రం నవ్వలేదు: దిబోర్, గడ్డం మీద గాటున్న సీరా, నేల చూపులు చూస్తున్న తెనింగ్.

టోపీ చేతులు మారి మారి సెరేర్ల ముందు వరసకి వచ్చింది.

"లతీర్! నీ వంతు!" అని అరిచారు కుర్రాళ్ళు. "పోయినేడు ఊరంతా తిరిగావుగా, నీకు బాగా నప్పుతుంది!"

లతీర్ టోపీ అందుకున్నాడు. నెత్తిన పెట్టుకున్నాడు. మొహం మీద నీడ పడింది. నీడలోంచి వదిన వైపు చూశాడు. వాడికి అర్థమైంది.

వాకిలంతా చప్పట్లు కొడుతూ ఎదురుచూస్తోంది. దిబోర్ కళ్ళు మూసుకుంది. ఆమెకి చూడాల్సిన పని లేదు, వింటే చాలు.

చప్పట్లు ఒక్కొక్కటే సన్నగిల్లాయి. వాకిలి మౌనంగా అయిపోయింది. ఆమె ఇంకా వింటూనే ఉంది.

అడుగు చప్పుడు కాలేదు.